మీటరోళ్లు

బొగ్గు గని కంపెనీవాళ్లిచ్చిన సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో సమ్మవ్వ ఇరవై ఆరేళ్లు కాపురం చేసింది. అన్నేళ్లలో కరెంటు బిల్లు అనే కాగితాన్ని ఆమె చేత్తో ముట్టలేదు. క్వార్టర్‌కు మీటరు లేదు. జీతం చిట్టీలో ఓ మూల చిన్న కోత ఏదో ఉండేదేమో, దాన్ని వెతికి చదివే ఓపిక ఆమెకూ లేదు, గనిలోంచి వచ్చి ఒళ్లు కడుక్కుని పడిపోయే ఆమె పెనిమిటి ఆగయ్యకూ లేదు. స్విచ్చి వేస్తే దీపం వెలగాలి, అంతే. ఆర్పడం కూడా ఒక పనేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వంటంతా హీటర్ మీదే. పింగాణీ పళ్లెంలో ఎర్రగా కాలే స్ప్రింగు, దాని మీద గిన్నె. ప్లగ్గు ఎన్నడో కాలిపోతే రెండు వైర్ల కొసలు సాకెట్టు బొక్కల్లో పెట్టి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చింది. మళ్లీ వాటిని పీకిన పాపాన పోలేదు. ఫస్టు షిఫ్టు డ్యూటీకి ఆగయ్య లేచేసరికి దాని మీద నీళ్లు మసులుతుండేవి. తర్వాత చాయ్, తర్వాత అన్నం, కూర. ఆ తర్వాత ఏ గిన్నే లేకపోయినా అది అలా ఎర్రగానే ఉండేది. గ్యాసు పొయ్యి లేక కాదు. చుట్టాలొచ్చిన రోజు దాని మీది గుడ్డ తీసేవారు.

కాలనీ గోడ అవతల ఇళ్లున్నాయి. కాంట్రాక్టు లారీల మీద పనిచేసేవాళ్లు, కూలీలు, చిన్న దుకాణాలవాళ్లు ఉండే ఇళ్లు. వాటికి మీటర్లుంటాయి. కాలనీ ఆడవాళ్లు అక్కడివాళ్లకు ఒక పేరు పెట్టుకున్నారు, మీటరోళ్లు అని. పేరు మీటరు గురించే గానీ దాని అర్థం చాలా దూరం పోతుంది. మీటరోళ్లంటే ఈ గదిలో లైటు వేసి ఆ గదిలో ఆర్పేవాళ్లు. చుట్టం వస్తే ఫ్యాను వేయాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. పదిమందిలో నోరెత్తకుండా వెనక నిలబడేవాళ్లు. ఆ మాట అనేటప్పుడు సమ్మవ్వ కింది పెదవి ఒక పక్కకు పోయేది.

అసలు సంగతి చెప్పాలంటే ఈవిడేమీ దొరల ఇంట్లో పుట్టలేదు. జైపూర్ పక్కన ఒక చిన్న పల్లె ఆమెది. పదహారేళ్లకు పెళ్లయి వచ్చి, గని దగ్గర గుడిసెలో, చిమ్నీ బుడ్డి వెలుతుర్లో, ఏరుకొచ్చిన బొగ్గుముక్కల మీద నాలుగేళ్లు వండింది. పొగకు కళ్లు వాచిపోయేవి. క్వార్టర్ వచ్చిన రోజు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ వేసి, గది మధ్యలో నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరికీ చెప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే బుడ్డీ మర్చిపోయింది, పొగా మర్చిపోయింది, గోడ అవతలివాళ్లను చూసి నవ్వడం మాత్రం బాగా నేర్చుకుంది.

ఆ నవ్వు అందరికంటే ఎక్కువ పడ్డది ఆగయ్య సొంత చెల్లెలు సారలమ్మ. మేడారంలో ఆ పేర్ల దేవతల గద్దెలు రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ ఈ సమ్మవ్వనూ ఈ సారలమ్మనూ ఒక పీట మీద కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. సారలమ్మ భర్త ఎల్లన్న లారీల మీద పని. ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చేస్తుంది. గోడ అవతల రేకుల ఇల్లు. మిక్సీ లేని రోజుల్లో నానబెట్టిన పప్పు గిన్నెలో పెట్టుకుని వదినె క్వార్టర్‌కు వచ్చి రుబ్బుకుని పోయేది. ఎల్లన్న అంగీలు ఇస్త్రీ చేసుకుని పోయేది.

"వచ్చినవా మీటరామె" అనేది సమ్మవ్వ, వాకిట్లో నలుగురు ఆడవాళ్లు ఉన్నప్పుడు మరీ గట్టిగా. "జల్ది జేసుకో. మీ ఇంట్ల లైటు బంద్ జేసినవో లేదో, ఆస్తి కరిగిపోతది."

ఇవ్వడం ఇచ్చేది. ఒక మాట అనకుండా మాత్రం ఇచ్చేది కాదు. సారలమ్మ తల వంచుకుని రుబ్బుకునేది.

పోయిన డిసెంబరులో ఆగయ్య రిటైరయ్యాడు. అంతకు ఏడాది ముందు నుంచే గోడ అవతల, సారలమ్మ ఇంటికి రెండు సందుల దూరంలో, ఎప్పుడో కొనిపెట్టిన జాగాలో అప్పు తెచ్చి ఇల్లు కట్టిస్తున్నారు. రిటైరైతే వచ్చిన డబ్బంతా ఆ అప్పుకే పోసి, జనవరిలో అందులోకి మారారు. ఒక్కగానొక్క బిడ్డ హర్షిణి పెళ్లయి జైపూర్‌లో ఉంది. ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే, ఇంటికి మాత్రం పైన ఇంకో అంతస్తు, నున్నని టైల్సు, ముందు గోడకు వరసగా పదకొండు బల్బులు. వీధిలో ఎవరింటికీ అన్ని లేవు. అందుకే కదా పెట్టించింది.

ఇక మిగిలింది పింఛను. రిటైరైన రోజు ఎంతని రాశారో చచ్చేదాకా అంతే, మంచినూనె ఎంత పెరిగినా దానికి పట్టదు. మొదటి నెలలోనే సమ్మవ్వకు లోకం మీద ఒళ్లు మండింది. నీళ్ల డబ్బాకు డబ్బులు, చెత్త బండికి డబ్బులు, టీవీకి డబ్బులు. ఫోన్ రీచార్జి చేయించి వచ్చి గోడ మీద కాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టింది. "నెలంటే ఇరవై ఎనిమిది దినాలని ఎవడు జెప్పిండు వీండ్లకు? వీండ్ల ఇంట్ల జీతం గిట్లనే ఇరవై ఎనిమిది దినాలకు ఇస్తరా?" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత చేసింది.

గ్యాసు సిలిండరు ధర విని ఆమె మూతి విరిచింది. "నా కాడ హీటర్ ఉండంగ గ్యాస్ కాలవెట్టుకునుడేంది, పైసలు ఎక్కువైనయా?" అని, కొత్త వంటింట్లో హీటర్ కోసం ప్రత్యేకంగా పాయింటు పెట్టించింది. నెలంతా అన్నం, కూర, నీళ్లు, పాలు అన్నీ దాని మీదే. సిలిండరు కదలకుండా మూల కూర్చుంది. ఎంత ఆదా చేస్తున్నానోనని మురిసిపోయింది. ఇలా ఆదా చేయగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఒక్క కాలనీలోనే దొరుకుతారు.

ఫిబ్రవరిలో బిల్లు రాసే ఉపేందర్ మిషన్ పట్టుకుని వచ్చాడు. కాగితం చింపి చేతిలో పెట్టాడు. మూడువేల నూట పన్నెండు.

"నీ మిషన్ ఖరాబైనట్టుంది బిడ్డ. మంచిదాన్ని తెచ్చుకోపో" అంది సమ్మవ్వ, కాగితాన్ని వేలి కొసతో పట్టుకుని.

తిట్టుకుంటూ కట్టింది. మార్చిలో బిల్లు ఇంకో నాలుగు వందలు ఎక్కువ వచ్చింది. ఈసారి ఆమె ఉపేందర్‌ను గేటు దాటి పోనివ్వలేదు. ఎండలో నిలబెట్టి అడగాల్సిన నాలుగు మాటలూ అడిగింది. అతను ఓపికమంతుడు. లోపలికి వచ్చి ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపించి, ఒక్క హీటర్ మాత్రం ఉంచి, ఆమెను మీటరు ముందుకు తీసుకుపోయాడు. మీటరులో చిన్న ఎర్ర లైటు సందు లేకుండా కొట్టుకుంటోంది. లోపలికి పోయి హీటర్ వైరు పీకి వచ్చాడు. ఎర్ర లైటు ఆగిపోయింది.

"గదీ సంగతి అవ్వ. నీ పైసలు తింటున్నది నేను గాదు, నీ హీటర్" అన్నాడు.

సమ్మవ్వకు అర్థమైంది. అర్థమైనట్టు ఒప్పుకోవడం ఆమె ఇంటావంటా లేదు. "మా ఆయన తవ్విన బొగ్గుతోటే అయింది మీ కరెంటు. తవ్వినోనికే అమ్ముతరా?"

"నేను రాసుకపోయేటోన్నే అవ్వ. నా ఇంటికి గూడ వస్తది బిల్లు."

"మరి మా ఆడిబిడ్డకు ఎంతొచ్చింది?"

"సారలమ్మ అత్తకా? సున్నా. తెల్లకార్డు ఉన్నది, రెండు వందల యూనిట్ల లోపల కాలుస్తది, గవర్మెంటే కడ్తది. మీకు కార్డు లేదు గద. కంపెనీ నౌకరి జేసినోళ్లకు ఎట్లిస్తరు?"

ఆ సున్నా ఆమెకు మూడువేల కంటే ఎక్కువ మండింది. ఆ రోజు హీటర్‌ను అటక మీద పారేసింది. ముందు గోడ బల్బులు పదకొండూ విప్పించింది. బిల్లు మాత్రం కట్టలేదు. కట్టనని వీధికంతా వినపడేలా చెప్పింది. అది ఖర్చు లేని పౌరుషం కాబట్టి మిగిలింది.

ఏప్రిల్ వచ్చింది. రామగుండం వైపు ఎండ సంగతి చెప్పాల్సిన పని లేదు, గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆగయ్య రొమ్ములో ముప్పై ఏళ్ల బొగ్గు దుమ్ముంది. వేడి ఎక్కువైతే ఊపిరి లోపలికి పోయేటప్పుడొక ఈల, బయటికి వచ్చేటప్పుడొక ఈల. దవాఖానలో డాక్టరు ఒకటే చెప్పాడు, ఈయనకు ఎండాకాలం గట్టెక్కాలంటే వేడి తగలొద్దు, పగలంతా కూలర్ కింద ఉండాలి అని. సమ్మవ్వ ఆ మాట విన్నది. ఆగయ్యకు ఏమన్నా అయితే తన బతుకేమిటో కూడా ఆలోచించింది. ఆలోచించి భయపడింది. కానీ ఆమెకు భయమేస్తే నోట్లోంచి వచ్చేది భయం మాట కాదు, వెక్కిరింత.

"పొద్దుగాలనే ఏసినవా కూలర్? ఇంకా ఎండనే రాకపాయె."

"గంటాయె. ఇంకెంత సేపు?" అనేది మళ్లీ తనే, కాసేపటికి.

"దొరబిడ్డకు చల్లగ ఉండాలె. కట్టేటోడు ఎవడో?"

ఆగయ్య జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. లేచి కూలర్ ఆపేసేవాడు. తువ్వాల తడుపుకుని రొమ్ము మీద వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ ఈల వింటూ ఆమె వంటింట్లో గిన్నెలు విసిరేది. ఒక గంటకు తట్టుకోలేక తనే వచ్చి కూలర్ వేసేది. వేసి గేటు దగ్గరికి పోయి మీటరు చూసి వచ్చేది. వచ్చి, మళ్లీ ఏదో ఒకటి అనేది.

కొన్నాళ్లకు ఆగయ్య పొద్దున తొమ్మిదికల్లా గొడుగు పట్టుకుని బయలుదేరడం మొదలుపెట్టాడు. కాలనీ గేటు కాడ చాయ్ హోటల్‌లో పాత దోస్తులు కూర్చుంటారు, చెట్టు నీడ ఉంది, కాలక్షేపం అవుతుంది అన్నాడు. సద్ది డబ్బా ఇస్తే పట్టుకుపోయేవాడు. సాయంత్రం చల్లబడ్డాక వచ్చేవాడు. పగలంతా కూలర్ పని లేదు. అమ్మయ్య అనుకుంది సమ్మవ్వ. అంత ఊపిరాడని మనిషి చెట్టు కింద రోజంతా ఎలా కూర్చుంటాడని ఆమె అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే కూలర్ వేయాలి.

మే మూడో వారంలో లైన్‌మన్ వచ్చి స్తంభం మీది వైరు తీసేశాడు. మార్చిదీ ఏప్రిల్‌దీ బాకీ ఉంది. సమ్మవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని కింద నిలబడి బొగ్గు సంగతి, కంపెనీ సంగతి, ప్రభుత్వం సంగతి అన్నీ చెప్పింది. అతను పై నుంచి దిగి, చెప్పులు వేసుకుని, ఇంకో ఇంటికి పోయాడు.

రెండు రోజులు చీకట్లో ఉన్నారు. మూడో రోజు ఆగయ్య సద్ది డబ్బా మర్చిపోయి వెళ్లాడు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె డబ్బా, మజ్జిగ సీసా పట్టుకుని చాయ్ హోటల్‌కు పోయింది. చెట్టు కింద ఎవరూ లేరు. ఆ ఎండలో ఎవరుంటారు? హోటల్ నడిపే శివ గిన్నెలు తోముతున్నాడు.

"ఆగయ్య కాకనా? ఈ దిక్కు వస్తలేడు చిన్నమ్మ. వాళ్ల చెల్లె ఇంటికాడ ఉంటున్నడు గద, నీకు తెల్వదా?"

సమ్మవ్వ కాళ్లు సారలమ్మ ఇంటివైపు ఎంత వేగంగా నడిచాయో, నోట్లో మాటలు అంతకంటే వేగంగా తయారయ్యాయి. ఇంటి పరువు తీసి రేకుల కింద పడుకున్నావా, ఆ బీడీలు చేసేదాని దగ్గర అడుక్కుంటున్నావా అని అనడానికి అన్నీ సిద్ధం చేసుకుంది. తలుపు తోసింది.

లోపల తడి గడ్డి వాసన. రేకుల కింద గోనె సంచులు కట్టి వాటికి నీళ్లు చల్లారు. పాత ఇనప కూలర్ ఒకటి కిటికీలో తిరుగుతోంది. దానికెదురుగా నులక మంచం మీద ఆగయ్య నిద్రపోతున్నాడు. నోరు మూసుకుని, పక్కకు తిరిగి, ఈల లేకుండా. మార్చి నెల నుంచి ఆయన అలా పడుకోవడం ఆమె చూడలేదు.

గోడ దగ్గర బీడీల చాట ముందు కూర్చున్న సారలమ్మ వేలు పెదవి మీద పెట్టుకుంది. లేచి వదినెను బయటి పందిరి కిందకు తీసుకుపోయింది.

"లేస్తడు. మెల్లగ మాట్లాడు."

"కూలరెప్పుడు కొన్నవు?"

"అన్న కోసమే. పాతదే, పదిహేను వందలు. ఫ్రిజ్జు బంద్ జేసిన. లేకుంటే రెండు వందలు దాటుతది, సున్నా పోతది. దినాం మాపటికి మీటర్ జూసుకుంట. ఇంకా పదమూడు యూనిట్లున్నయి, వారం దినాలున్నది."

ఎన్నడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి, ముక్కు సూటిగా చెప్పింది.

"దాటితే నేనిస్త" అంది సమ్మవ్వ.

"నీ పైసలు నాకెందుకు వదినె. దాటితే అన్న కోసం నేనే కడ్త. నువ్వు నీ ఇంటి బిల్లు కట్టుకో. గా కోపమంత ఎవరి మీద? గవర్మెంటుకు ఇనపడుతలేదు, మా అన్నకు ఇనపడ్తున్నది."

ఇరవై ఆరేళ్లు తల వంచుకుని పప్పు రుబ్బుకున్న మనిషి ఆమె. సమ్మవ్వ డబ్బా, సీసా అక్కడ పెట్టి, అదే ఎండలో ఇంటికి పోయింది. పింఛను డబ్బు తీసుకుని బిల్లుల కౌంటర్‌కు పోయింది. వరసలో ముందు పద్నాలుగు మంది ఉన్నారు. అందరూ గోడ అవతలివాళ్లే, అంటే ఇప్పుడు ఆమెవాళ్లే. బాకీ, దాని మీద జరిమానా, మళ్లీ వైరు కలిపే రుసుము, అడిగినదంతా ఇచ్చి రసీదు తీసుకుంది. మిగిలిన డబ్బుతో నెల ఎలా గడుస్తుందో అప్పుడు ఆలోచించలేదు. సాయంత్రం ఐదింటికి లైన్‌మన్ వచ్చి వైరు కలిపాడు. ఆమె బావి నీళ్లు తోడి కూలర్ నింపింది, మంచం దాని ముందుకు జరిపింది, దుప్పటి మార్చింది.

ఆరింటికి మళ్లీ సారలమ్మ ఇంటికి పోయింది. ఆగయ్య లేచి మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మొహం తేటగా ఉంది.

"కరెంటొచ్చింది. అంత కట్టిన. కూలర్‌ల నీళ్లు గూడ వోసిన. నడువు" అంది.

ఆగయ్య గ్లాసులోకి చూశాడు. "ఎండకాలం పోనియ్యి, అప్పుడొస్త. అందాక రాత్రి గూడ ఈడనే ఉంట."

"ఎందుకు? కరెంటు లేకనే గద ఈడికొచ్చినవు."

"కరెంటు పోయింది మొన్న. అన్న వస్తవట్టి నెలాయె వదినె" అంది లోపల నుంచి సారలమ్మ.

సమ్మవ్వ లెక్క వేసుకుంది. నెల కిందట ఇంట్లో కరెంటు ఉంది, కూలర్ ఉంది, నీళ్లున్నాయి. అన్నీ ఉండగానే ఆయన గొడుగు పట్టుకుని బయలుదేరాడు.

"ఇగ ఏమనను" అంది, గొంతు తగ్గించి. "దినమంత ఏసుకో. పొద్దుగాలనే ఏసుకో. ఒక్క మాటంటే అడుగు."

"అనవు. నాకెరుకే." ఆగయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గొంతులో కోపం ఉన్నా ఆమె తట్టుకునేది, కోపం లేదు. "నువ్వు అనకున్నా గంతే. కూలర్ ఏసుకోని పండుకుంటే గేటు కాడికి పోయి మీటర్ జూసొస్తవు, అచ్చి నన్ను గూడ గట్లనే జూస్తవు. ఎంత తిరిగిండో అన్నట్టు జూస్తవు. ఆడ నాకు ఊపిరాడదు."

సమ్మవ్వ గడప మీద కూర్చుంది. సారలమ్మ లోపల నుంచి మూడు కంచాలు తెచ్చి నేల మీద పెట్టి, ఒకటి ఆమె వైపు జరిపింది. లేచి వెళ్లిపోవడానికి సమ్మవ్వకు కాళ్లు రాలేదు, ముద్ద కలపడానికి చెయ్యీ రాలేదు.